కచేరీల గోడలే వెబ్‌సైటు గోడలు

ప్రభుత్వమువారి వెబ్‌సైటులను గూర్చి ప్రజలలో నొక దురభిప్రాయము వ్యాపించియున్నది. అవి సరిగా పనిచేయనప్పుడు తప్పు యంత్రముదనియో, ప్రోగ్రాము వ్రాసినవానిదనియో తలంచుచున్నారు. అధికారులకును ఈ తలంపు సుఖముగానే యున్నది. ఏలయన, యంత్రము మాఱుమాట పలుకదు. మేమీ వాదము నంగీకరింపజాలము. వెబ్‌సైటు కచేరీకి నీడ. కచేరీ వంకరగా నున్నప్పుడు నీడ తిన్నగా నుండుట యెట్లు?

ఈ సంగతిని 1968వ సంవత్సరముననే మెల్విన్ కాన్వే యను అమెరికా దేశపు కంప్యూటరు నిపుణుడు ప్రకటించెను. ఏ సంస్థ యే వ్యవస్థను నిర్మించినను, ఆ నిర్మాణము సంస్థలోనివారు ఒండొరులతో మాటలాడుకొను తీరునే పోలియుండునని యాతని సిద్ధాంతము. ఒక కంపెనీలో నాలుగు బృందములు వేఱువేఱుగా కూర్చుండి పనిచేసినచో, వారి వెబ్‌సైటులోని నాలుగు భాగములకును నడుమ పొత్తు కుదురదు. సరకు కొనవచ్చినవాడు తన పేరును, చిరునామాను నాలుగు మారులు వ్రాయవలసినదే. విసిగినచో వాడు మఱియొక యంగడికి పోగలడు. సర్కారుతో పని పడిన రైతు ఎక్కడికి పోవలెను?

గరివిడి మండలములో నొక రైతు ఎకరము నేల కొనదలచెననుకొందము. వాని ప్రశ్న యొక్కటియే: ఈ నేల యెవరిది? దీనికి సూటిగా జవాబు చెప్పు పుట యొక్కటియు లేదు. 2015లో వెలసిన మీభూమి వెబ్‌సైటు అడంగలును, 1-బిని చూపును. అది రెవెన్యూ శాఖవారిది. ఈసీ యని మనము వాడుకగా పిలుచు ఋణభార ధ్రువపత్రమును రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటున వెదకవలెను. రెంటిలోని పేర్లు పొసగనిచో ఆ చిక్కు విప్పుకొను భారము కొనువాని నెత్తిన పడుచున్నది.

ఈ గోడ నిన్న కట్టినది కాదు. పరదొరల పాలనలో అడంగలు శిస్తు వసూలునకై యుండెను. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయించునే గాని, అమ్మువానికి నిజముగా హక్కు కలదా యని విచారింపదు. రైతు ప్రశ్నకు జవాబు చెప్పుట ఏ కచేరీవారును తమ పనిగా నెంచలేదు. దొరలు పోయిరి; చింత చచ్చినను పులుపు చావలేదు. 1998లో కార్డు అను పథకము పేర రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరులు వచ్చెను. కాగితముల నడుమ నున్న గోడ తెరపై కెక్కెను.

పొరుగున తెలంగాణమున జరిగినది చూడుడు. అచ్చట 2020 అక్టోబరు 29న ధరణి పోర్టలు ఆరంభమయ్యెను. వ్యవసాయ భూములకు తహసీల్దారునే జాయింటు సబ్‌రిజిస్ట్రారుగా నియమించిరి. రిజిస్ట్రేషనును, పట్టా పేరు మార్పును ఒక్క బల్లయొద్దనే ముగియజొచ్చెను. కచేరీలు కలిసినవి గనుక వెబ్‌సైటును కలిసెను. ఇంతవఱకు మెచ్చదగినదే. కాని యదే యేట గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను, రెవెన్యూ కోర్టులను రద్దుచేసిరి. తప్పు దిద్దు చేతులు కచేరీలో లేనప్పుడు, తప్పు దిద్దు మీట తెరపై నెట్లుండును? పాసుపుస్తకములో పేరు తప్పిన రైతులు సివిలు కోర్టుల మెట్లెక్కవలసి వచ్చెను. పిదప దిద్దుబాటు దరఖాస్తులను ఒక్కొక్కటిగా చేర్చిరి. కాని యధికారమెల్ల కలెక్టరు చేతిలో చేరుటచే దరఖాస్తులు గుట్టలు పడెను. తుదకు 2025 ఏప్రిలు 14న అమలునకు వచ్చిన భూభారతి చట్టము ఆర్డీవోకును, కలెక్టరుకును అప్పీళ్లు వినునధికారము నిచ్చెను. మనుష్యుల యేర్పాటు మార్పక పోర్టలును మరమ్మతు చేయజూచుట వ్యర్థమని తేలుటకు నాలుగేండ్లకు పైగా పట్టెను!

మన రాష్ట్రమున 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర యను వాట్సాపు సదుపాయము ఆరంభమైనది. ఊరు కదలకుండ అర్జీ పెట్టుకొనుటను మేము స్వాగతించుచున్నాము. కాని యచ్చటను సేవలు దేవాదాయము, విద్యుత్తు, రెవెన్యూ అని శాఖలవారీగానే యేర్పడినవి. తన కష్టము ఏ శాఖ క్రిందికి వచ్చునో రైతు ముందే యెఱిగియుండవలెనట!

అధికారమంతయు నొక్కచోట చేరినచో అక్రమములు పెరుగునని కొంద ఱాక్షేపింతురు. నిజమే, ఒకరు వ్రాసినదానిని మఱియొకరు పరీక్షింపవలసినదే. ఆ పరీక్ష కచేరీ లోపల జరుగనిండు. కాగితములు మోయు బంట్రోతు పని రైతుకేల?

కావున మేము కోరునది యిది. క్రొత్త వెబ్‌సైటునకు టెండరు పిలుచుటకు ముందే రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషను శాఖల వారిని జిల్లాకొక బృందముగా నొక్క గదిలో కూర్చుండబెట్టవలెను. రైతు ప్రశ్నకు జవాబుదారియగు అధికారి యొక్కడుండవలెను. తప్పు దిద్దుటకు గడువును, గడువు మీఱినచో అప్పీలును చట్టములోనే వ్రాయవలెను.

పఠనాలయములలో నీ పత్రిక చదువు సోదరులారా! తెరపై తప్పు కనబడినప్పుడు కంప్యూటరును తిట్టి యూరకుండకుడు. ఏ రెండు కచేరీల నడుమ మాటలు లేవో విచారింపుడు. ఆ రెంటి పేర్లును అర్జీలో వ్రాసి, ఎప్పుడు కలిసి కూర్చుందురని యడుగుడు.