ఉత్సాహమే స్థాయి

“ఔత్సాహికుడు” అనే మాట మన వాడుకలో కొంత చిన్నబోయినది. ఒక కళనో క్రీడనో జీవనోపాధిగా గాక, ప్రతిఫల మాశింపక, ఇష్టంకొద్దీ సాధన చేసేవానికి మనం పెట్టుకున్న పేరది. కాని “ఆయన ఔత్సాహికుడు లెండి” అన్నప్పుడు, ఆ “లెండి”లో ఒక తేలికభావం దాగి ఉంటున్నది. పని రానివాడనీ, పొద్దుపుచ్చుకొనేవాడనీ దాని ధ్వని. మాట పుట్టుక నెరిగినవారు ఇట్లు పలుకరాదు. మన ఆలంకారికులు వీరరసానికి స్థాయిభావంగా దేనిని చెప్పినారు? క్రోధాన్ని కాదు, అది రౌద్రానికి చెందినది. గర్వాన్నీ కాదు, అది వచ్చిపోయే సంచారి మాత్రమే. వీరానికి స్థాయి ఉత్సాహం. ఆ ఉత్సాహంనుంచి పుట్టిన మాటను చులకనకు వాడుకోవడం మన భాషకు మనమే చేసుకొంటున్న అన్యాయం.

తెలుగు పాఠం చెప్పుకొనే నాకు ఈ ఆలోచన ఒక సైకిలు పోటీదారుని చూచినప్పుడు కలిగినది. నా పూర్వవిద్యార్థి ఒకడు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లెక్కలు వ్రాస్తున్నాడు. వారానికి నాలుగు రోజులైనా తెల్లవారుజామున సైకిలెక్కి ఎమ్మిగనూరుదాకా పోయి, మిల్లు వేళకు తిరిగి వస్తాడు. రానూపోనూ సుమారు 60 కిలోమీటర్లు. మన ప్రాంతపు దారి సంగతి తెలిసినదే కదా! నల్లరేగడి నేలల మధ్య చెట్టునీడ తక్కువ. ఆషాఢమాసంలో నైరుతిగాలి ఎమ్మిగనూరు పోయేటప్పుడు వీపు తట్టి పంపుతుంది. ఆదోనికి మళ్లగానే ఎదురు నిలిచి అడుగడుగునా సుంకం వసూలు చేస్తుంది. పత్తి పంట కాలంలో బోరాలెత్తిన లారీలూ, ట్రాక్టర్లూ మార్కెట్టుకు బారులు తీరుతాయి; వాటి పక్కన చక్రాన్ని నిలుపుకోవడమే ఒక విద్య. ఇంటివారు “దీనివల్ల ఏమొస్తుందిరా?” అంటారు. వీధివారు “మోటారు సైకిలు కొనుక్కోలేవా నాయనా?” అంటారు. అతడు నవ్వి ఊరుకుంటాడు.

విజయపుర, బాగలకోట జిల్లాలు సైకిలు పందెగాండ్రకు పుట్టినిళ్లని పేరు పొందినవి. అవి మనకు మరీ దూరమేమీ కాదు. ఆ వైపు జరిగిన ఒక పోటీకి మొదటిసారి పోయినప్పుడు ఇరవై కిలోమీటర్లు దాటకముందే అతడు గుంపునుంచి జారిపోయినాడట. “గుంపు ముందుకుపోయినాకగానీ గాలికి బరువుంటుందని తెలియలేదు సార్” అన్నాడు. ఆ మాటలో ఒక శాస్త్రమే ఉన్నది. సమతలమైన బాటమీద సైకిలును అడ్డగించేది ముఖ్యంగా గాలి. వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది; దానిని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ముందువాని వెనుక చక్రానికి మూరెడు దూరంలో నడిచేవానికి ఆ శ్రమ చాలా తగ్గుతుంది. అందువల్ల పందెంలో ఒక వింత నియమం తనంత తానే ఏర్పడినది. ఒకరినొకరు ఓడించడానికి వచ్చినవారే వంతులవారీగా ముందు నిలిచి, తక్కినవారికోసం గాలిని తమ ఎదురురొమ్మున కాస్తారు. వంతు వచ్చినప్పుడు వెనుక దాగినవానికి శిక్షాస్మృతిలో శిక్ష లేదు. తోటివారి కన్నులలో మాత్రం గౌరవముండదు.

మరుసటి ఏడు అతడు కడపటి పది కిలోమీటర్లదాకా గుంపులో నిలువగలిగినాడు. బహుమతి రాలేదు. ఆ ప్రయాణానికి రైలు ఛార్జీ, మిల్లులో పోయిన రెండు రోజుల జీతం, కొత్త టైర్ల ఖర్చు అన్నీ అతనివే. దీనిని నష్టమని వ్రాయడానికి లెక్కల పుస్తకంలో గడి ఉన్నది. లాభాన్ని వ్రాయడానికి మాత్రం గడి లేదు.

లోకం కూడా ఈ విషయంలో చాలాకాలం తికమకపడినది. 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్సులో, మారథాను గ్రామందాకా పోయి తిరిగివచ్చే 87 కిలోమీటర్ల సైకిలు పందాన్ని అరిస్టీడిస్ కాన్‌స్టాంటినీడిస్ అనే గ్రీకు యువకుడు గెలిచినాడు. దారిలో తన సైకిలు చెడిపోగా వేరొక సైకిలెక్కి గమ్యం చేరినాడు. 1903లో ఫ్రాన్సు దేశాన్ని చుట్టివచ్చే టూర్ ద ఫ్రాన్స్ పందెం పుట్టి, అది జీతభత్యాల వీరుల రంగమయినది. ఒలింపిక్సులో మాత్రం ఔత్సాహికులకే ప్రవేశమన్న నియమం దీర్ఘకాలం నడిచినది. 1996లో అట్లాంటాలో సైకిలు పోటీలకు ఆ అడ్డుగోడ తొలగినది. నియమం పోవడం మంచిదే. ధనమున్నవారికే తీరిక ఉండే రోజులలో అది పేదవానికి అడ్డుగా కూడా నిలిచినది. కాని నియమంతోపాటు ఆ మాటకున్న గౌరవంకూడా పోవలసిన అవసరం లేదు. 1938లో సిడ్నీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య క్రీడలలో మన దేశం తరఫున సైకిలు తొక్కిన జానకీదాస్, తరువాత హిందీ చలనచిత్రాలలో నటుడుగా పేరు పొందినాడు. ఒకే మనిషిలో చక్రమూ రంగస్థలమూ కలిసిన ముచ్చట అది.

రంగస్థలం మాట వచ్చినది గనుక మన ఇంటి ఉదాహరణమే చెప్పుతాను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం అవతరించేవరకు ఆదోని బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారిలో సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాది. సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావుగారు న్యాయవాది. బళ్లారి రాఘవగారు న్యాయవాది. కూటికోసం కోర్టుకు, గుండెకోసం రంగానికి పోయినవారు వీరు. తెలుగు నాటక చరిత్రలో వారి పుటలను చింపివేస్తే ఏమి మిగులుతుంది? వారిని “ఔత్సాహికులు లెండి” అని తీసివేయగల సాహసం ఎవరికున్నది? నాటకానికి చెల్లిన గౌరవం సైకిలుకెందుకు చెల్లదు?

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది, అది న్యాయమైనదే. వానలు మొగం చాటేసిన ఏడు పిల్లాపాపలతో మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోయే పల్లెలివి. సైకిలును పాలక్యానుకో, గడ్డిమోపుకో, కూలిపనికో వాడుకొన్న జనంముందు పందెమనడం విలాసం కాదా? పైగా పందెపు సైకిలు వెల వేలు దాటి లక్షలకు పోతున్నది. నిజమే. అయితే ఇందులో విలాసం వస్తువుకు చెందినదిగాని క్రీడకు చెందినది కాదు. అడ్డకడ్డీ కిందినుంచి కాలు దూర్చి నాన్న సైకిలును నేర్చుకొన్న పిల్లవానికి వేగపు ఆనందం ఎవరూ అమ్మినది కాదు. బ్రతుకు బరువు మోసిన వాహనమే ఒకపూట ఆటవస్తువైతే, ఆ బరువు మోసినవారికి అది అవమానం కాదు, మర్యాద. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు చేసిన పని ఏమిటి? ఒంటరి మగ్గం ఎదురుగాలికి నిలువలేదని గ్రహించి, మగ్గాలన్నింటినీ ఒక గుంపు చేసినారు. ఆ తెలివి ఈ గడ్డకు కొత్తది కాదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒకటే. పాఠశాల వార్షికోత్సవపు ఆటల పట్టికలో సైకిలు కాలపరీక్షను చేర్చండి. విలువైన సైకిళ్లు అక్కరలేదు; ఒకే రకం మామూలు సైకిళ్లు రెండు మూడుంటే చాలు. ఐదు కిలోమీటర్ల దారి, ఒక్కొక్కరిని నిమిషానికొకరి చొప్పున విడిచిపెట్టడం, చేతిలో ఒక గడియారం. ఒకరి వెనుక ఒకరు దాగే వీలుండదు. ఒకరినొకరు తోసుకొనే ప్రమాదముండదు. పోలీసువారి సాయంతో ఉదయం గంటసేపు ఆ బాటన లారీలను నిలిపించండి. తలకు శిరస్త్రాణం లేనిదే ఎవరినీ విడువకండి. పిల్లలు దెబ్బతినే ఆట ఎంత గొప్పదైనా మనకు వద్దు.

ముఖ్యంగా బాలికలను మరువకండి. తొమ్మిదవ తరగతి చదివే ఆడపిల్లలకు “బడికొస్తా” పేర ప్రభుత్వం 2017లో సైకిళ్లిచ్చినది. బడి దూరమని చదువు మానకూడదన్నది దాని ఉద్దేశం. ఆ సైకిలు బడివరకే పోవాలని ఎవరు శాసించినారు? పదవ తరగతి కాగానే అది గోడకు చేరగిలబడి తుప్పుపట్టడం, ఆ పిల్ల పెళ్లిమాటలు వింటూ ఇంట నిలిచిపోవడం నేను పలుమార్లు చూచినాను. ఒక పోటీ ఆ కథను మార్చివేస్తుందని చెప్పను. కాని తన పేరు పక్కన నిమిషాలూ సెకండ్లూ వ్రాసి ఉండగా చూచుకొన్న పిల్ల, మరుసటి ఏడు అందులో పది సెకండ్లు తగ్గించుకోవాలనుకొంటుంది. ఆ పది సెకండ్లకోసం ఇంటినుంచి బయటకు రావడానికి ఆమెకు ఒక కారణం దొరుకుతుంది.

విద్యార్థులకు ఒక మాట. మీలో పందెం గెలిచేది ఒక్కరే. తక్కినవారి సంగతేమిటని మీరడుగవచ్చు. గెలుపు సంచారిభావం వంటిది, వస్తుంది, పోతుంది. మరునాటి ఉదయం అలారం మ్రోగినప్పుడు ఎదురుగాలి ఉన్నదని తెలిసీ లేచి చక్రంలో గాలి చూచుకొనేటట్లు చేసేది వేరొకటి ఉన్నది. పాఠ్యపుస్తకంలో దాని పేరు మీరు చదివియే ఉన్నారు.