అయిదు పేజీల ఘనత

శాస్త్రజ్ఞుని ప్రతిభను ఆయన ప్రకటించిన వ్యాసాల సంఖ్యతో కొలవడం మన విశ్వవిద్యాలయాలలో ఆనవాయితీగా మారింది. ఎన్ని వ్యాసాలు రాశారు, ఏ పత్రికలో వచ్చాయి, ఎందరు ఉదహరించారు అన్నవే ప్రశ్నలు. ఆ వ్యాసాలలో ఏముందని అడిగేవారు అరుదు. ఈ కొలత ఎంత లోపభూయిష్టమైనదో తెలుసుకోవడానికి లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మెదడు శాస్త్రజ్ఞుడు జాన్ ఓకీఫ్ ఉదంతం ఒక్కటి చాలు.

1939లో న్యూయార్కులో జన్మించిన ఓకీఫ్, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది 1967లో లండన్ చేరారు. ఒక జంతువు ప్రవర్తనకు, దాని మెదడులోని కణాలకు గల సంబంధాన్ని శోధించడం ఆయన పని. స్వేచ్ఛగా తిరిగే ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చి, హిప్పోకాంపస్ అనే భాగంలోని కణాల విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. పరిశీలించిన 76 కణాలలో 8 మాత్రం వింతగా ప్రవర్తించాయి. ఎలుక ఒక నిర్ణీత చోటికి చేరి, ఒక దిక్కుకు తిరిగినప్పుడే అవి చురుకుగా స్పందించాయి. మెదడులో పరిసరాల పటం ఒకటి ఉన్నదని దీన్నిబట్టి ఆయన ప్రతిపాదించారు. సహచరుడు జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీతో కలిసి 1971లో ప్రకటించిన ఆ వ్యాసం అయిదు పేజీలకు మించదు. ఇవి ప్రాథమిక ఆధారాలు మాత్రమేనని శీర్షికలోనే చెప్పుకున్నారు.

తొలి రోజులలో చాలామంది దీనిని నమ్మలేదు. ఓకీఫ్ నిరుత్సాహపడలేదు. 1978లో లిన్ నాడెల్‌తో కలిసి ఈ సిద్ధాంతాన్ని సమగ్ర గ్రంథంగా వెలువరించారు. 2000లో అదే కాలేజీ పరిశోధకులు లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్లను పరీక్షించగా, హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకన్నా పెద్దదిగా కనిపించింది. ఒకప్పుడు ఓకీఫ్ వద్ద పని నేర్చుకున్న నార్వే దంపతులు మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ 2005లో, ఆ పటానికి గళ్లు గీసినట్లు పనిచేసే మరో రకం కణాలను వెలుగులోకి తెచ్చారు. 2014లో ముగ్గురికీ నోబెల్ బహుమతి లభించింది. అయిదు పేజీల వ్యాసానికి, ఆ బహుమతికి మధ్య 43 సంవత్సరాలు గడిచాయి!

ఇది ఎలుకలకు పరిమితమైన ముచ్చట కాదు. ఏళ్ల తరబడి నడిచిన వీధిలోనే దారి తప్పి తిరిగే వృద్ధులు మన ఊళ్లలోనూ ఉన్నారు. అల్జీమర్స్ వ్యాధి తొలిదశలోనే దెబ్బతినే భాగాలలో హిప్పోకాంపస్ ఒకటి. వారికి దారి ఎందుకు తప్పుతున్నదో అర్థం కావడానికి ఆ 8 కణాలే ఆధారమయ్యాయి.

1972లో మార్కులు వేసే సంఘమేదైనా ఓకీఫ్ వ్యాసాన్ని పరిశీలించి ఉంటే, అయిదు పేజీలేనా అని పెదవి విరిచేది. 2005లో వచ్చిన హెచ్-సూచికతోనూ ఇదే చిక్కు. ఒకే ఒక్క వ్యాసం రాసినవారిని వేలమంది ఉదహరించినా ఆ సూచిక 1 దాటదు.

మన దగ్గర జరిగినదేమిటి? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010లో పదోన్నతులకు మార్కుల విధానం తెచ్చింది. వారానికి 16 గంటలు పాఠం చెప్పే అధ్యాపకుడు మార్కుల కోసం వ్యాసాల వెంట పరుగెత్తవలసి వచ్చింది. డబ్బు పుచ్చుకొని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. 2018లో సంఘమే తన జాబితానుంచి 4,305 పత్రికలను ఒక్కసారిగా తొలగించవలసి వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా గల ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందంటూ 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించడం మనకు తలవంపులు కాక మరేమిటి?

అంకెలు అసలే వద్దని మా వాదన కాదు. అవి లేని చోట సిఫార్సులు, పలుకుబడి రాజ్యమేలుతాయని అందరికీ తెలుసు. అయితే అంకె చూసి ఆగిపోరాదు. అభ్యర్థి తాను ఉత్తమమని భావించిన మూడు వ్యాసాలను సమర్పించాలి. ఎంపిక సంఘం సభ్యులు వాటిని స్వయంగా చదవాలి. ఆ పని ఇతరులకు ఏ దారి చూపిందో విచారించి, తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, చదివే ఓపిక కావాలి. ఆ ఓపిక పెద్దలకు లేనినాడు, అయిదు పేజీలలో లోకానికి కొత్త దారి చూపగల యువకుడు మన కళాశాలలలోనే ఉన్నా మనం గుర్తించలేము.