గీయువారును వ్రాయువారును

చిత్రలేఖనమునందు ఆసక్తి గల విద్యార్థులు ఒకవైపును, గణితమునందు చురుకైనవారు మరొకవైపును చేరుట మన తరగతులలో వాడుక. సాఫ్ట్‌వేరు సంస్థలయందును ఇట్టి వాడుకయే చాలచోట్ల కలదు. తెరపై ఏ మీట ఎక్కడ నుండవలెనో, ఏ అక్షరము ఎంత యుండవలెనో డిజైనరు గీయును. డెవలపరు ఆ బొమ్మను యంత్రమునకు తెలియు ప్రోగ్రాముగా వ్రాయును. మొదటివాడు బొమ్మను పూర్తిచేసి పంపివేయుటయు, రెండవవాడు దానిని చూచి తల పట్టుకొనుటయు సామాన్యము. ఈ పద్ధతి సరికాదని మా అభిప్రాయము.

కామాటిపురలోను, వర్లీ, పరేలు చాళ్ళలోను బ్రతికిన మన పెద్దలకు ఈ మాట క్రొత్తది కాదు. తెలంగాణమునుండి వచ్చిన కామాటీలు ఈ నగరమున ఇండ్లు కట్టిరి. పద్మశాలీలు మిల్లులలో బట్ట నేసిరి. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడినను, నేత తెలిసినవారు మన బంధువర్గమున ఇంకను గలరు. షోలాపురమున జకార్డు మగ్గముపై చద్దరు ఎట్లు నేయుదురో వారి నడుగుడు. నమూనా గీయువాడు గళ్ళ కాగితముపై పువ్వును వేయును. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. ఏ పేకకు ఏ పడుగు పోగు లేవవలెనో ఒక్కొక్క అట్ట చెప్పును. ఫ్రాన్సుదేశమున 1804 ప్రాంతమున జకార్డు రూపొందించిన ఈ ఏర్పాటును చూచియే చార్లెసు బాబేజి తన గణనయంత్రమునకు అట్టలను వాడదలచెను. కంప్యూటరు వంశమున మగ్గము తాతవంటిది. ఈ సంగతి నేతవారి పిల్లలకే తెలియకపోవుట విచారకరము.

కాగితముపై పువ్వెంత అందముగా నున్నను, పేకదారము పెక్కు పోగులపై పట్టులేక సాగినచో వదులై, దేనికైనను తగులుకొని తెగును. ఇది కాగితము చెప్పదు; నేతగాడు చెప్పవలెను. ఆ మాట విని రేకును కొంచెము మార్చువాడే మంచి నమూనాకారుడు. "కుదరదు" అని ఊరకుండక "ఇట్లయిన కుదురును" అనువాడే మంచి నేతగాడు.

తెలుగు అక్షరము తెరపైకి వచ్చునప్పుడు ఈ అవసరము రెట్టింపగును. ఆంగ్లాక్షరములు ఒక గీతపై వరుసగా కూర్చుండును. మన 'స్త్రీ' అట్లు కాదు. పైన గుడిదీర్ఘము, క్రింద తవత్తు, దానితో క్రావడి. ఆంగ్లమును చూచి డిజైనరు పెట్టె కొలిచి, డెవలపరు ఆ కొలతనే వ్రాసినచో, వత్తు తెగిపోవును. "నా బొమ్మ సరిగానే యున్నది" అని ఒకరును, "ఇచ్చిన కొలతయే వ్రాసితిని" అని మరొకరును అందురు. ఇద్దరును నిజమే చెప్పుదురు. చదువువాడు మాత్రము సగము అక్షరము చదువుకొనును.

2018 ఫిబ్రవరిలో ఇంతకంటె వింత జరిగినది. 'జ్ఞా' అను అక్షరమును, నడుమ కంటికి కానరాని ఒక గుర్తుతో కూర్చి పంపినచో, ఐఫోనులో సందేశములు చూపు ప్రోగ్రాము తటాలున మూతపడెడిది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దానిని సరిదిద్దెను. లోకమంతయు నవ్వుకొనెను. తెలుగు వ్రాత వారి పరీక్షబల్లపై తగినంత లేకుండెనని మాకు తోచుచున్నది.

మంచి యుదాహరణము మన ముంబయిలోనే కలదు. అక్షరశిల్పియు, మరాఠీ కవియు నగు ఆచార్య ఆర్.కె. జోషి (1936–2008) జుహూలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీలో పనిచేసెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వెలువడిన 'గౌతమి' అను తెలుగు ఖతి ఆయన నిర్దేశమున రూపొందినదే. ఖతిలో రూపములు మాత్రమే చాలవు. ఏ హల్లుకు ఏ వత్తు ఎచ్చట చేరవలెనో తెలుపు నియమములును అందు ఇమిడియుండవలెను. కావున గీయువాడు ప్రోగ్రాము సంగతి నాకేల యనుటకు వీలులేదు. గౌతమి మా కంటికి కొంచెము పలుచన. అయినను వత్తులు వాని చోటనే నిలిచినవి.

అందరును అన్ని పనులు నేర్చిన ఏ పనియు కుదరదని కొందరందురు. అందు కొంత నిజము కలదు. యంత్రమునకు కష్టమని ముందే భయపడు డిజైనరు క్రొత్తగా ఏమియు గీయలేడు. మేము కోరునది ఒకరి పని ఒకరు చేయుట కాదు; మొదటినాడే ఒక బల్లచుట్టు చేరి, సగము పనిని ఒకరికొకరు చూపుకొనుట. ఆ బల్లయొద్ద తెలుగు బాగుగా చదువగల వాడొకడుండవలెను. తెలుగు మాధ్యమమున చదివిన కంప్యూటరు ఉద్యోగము రాదని మన చాళ్ళలో కొందరు తలిదండ్రులు బెంగపడుచున్నారు. ఈ బల్లను తలచినచో, ఆ చదువే ఒక యోగ్యతయని మేము నమ్ముచున్నాము.

కంప్యూటరు తరగతిలో బొమ్మలు వేయు విద్యార్థిని, లెక్కలు చేయు విద్యార్థిని ఒక జంటగా కూర్చుండబెట్టి, ఒక తెలుగు పుటను చేయింపవలెనని మా సూచన. అందు 'స్త్రీ', 'జ్ఞానము', 'స్వాతంత్ర్యము' అను మాటలు తప్పక యుండవలెను. పుట సిద్ధమైన పిదప దానిని ఇంటనున్న చిన్న ఫోనులో తెరచి, తెలుగు మాత్రమే చదువగల నాయనమ్మ చేతికిచ్చి, ఆమె ఎచ్చట ఆగునో ఇద్దరును వ్రాసికొని రావలెను.