కాజీపల్లి అకౌంట్స్ గదుల్లో బ్రౌజర్‌కు కాపలా ఏది?

సంగారెడ్డి జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ గారికి,

కాజీపల్లి పారిశ్రామికవాడలో రియాక్టర్ దగ్గరికి ఎవరుపడితే వాళ్లను పోనివ్వరు. ఆఫీసు కంప్యూటర్ బ్రౌజర్‌లో మాత్రం ఎవరికి తోచిన ఎక్స్‌టెన్షన్ వాళ్లు ఎక్కిస్తారు. పీడీఎఫ్ మార్చేదొకటి, కూపన్లు వెతికేదొకటి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు చెల్లింపులు కూడా ఆ బ్రౌజర్‌లోనే. అన్ని వెబ్‌సైట్లలో డేటా చదివే, మార్చే అనుమతి అడిగినా చూడకుండా నొక్కేస్తారు. ఆ అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్‌కు లాగిన్ తర్వాతి పేజీ కూడా కనిపిస్తుంది. అక్కడ ఓటీపీ అడ్డుపడదు.

పేరున్నదైతే చాలనుకోవడానికీ లేదు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే కంపెనీ ఉద్యోగిని ఫిషింగ్ మెయిల్‌తో బోల్తా కొట్టించి, ఆ సంస్థ క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లోకే దొంగ కోడ్ ఎక్కించారు. అది అప్‌డేట్ రూపంలో దానంతటదే వాడేవాళ్ల కంప్యూటర్లలోకి దిగింది. సైబర్‌హేవెన్ భద్రత అమ్ముకునే కంపెనీ మరి!

ఇక్కడి చిన్న యూనిట్లలో ఐటీ మనిషంటూ వేరే ఉండడు. అందుకే మా అకౌంటెంట్లకు ఒక పూట శిక్షణ పెట్టించండి. చెల్లింపులకు ఎక్స్‌టెన్షన్లు లేని వేరే ప్రొఫైల్ పెట్టుకోవడం, అన్నింటినీ ఆపి అవసరమైనవే అనుమతించే పాలసీ పెట్టడం చేసి చూపించాలి. సంతకం పనవగానే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తీసేయమనీ చెప్పాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ప్రతి గేటు దగ్గరా రాయించండి.

ఇట్లు,
కాజీపల్లిలో లెక్కలు రాసే ఒక ఉద్యోగి