పిడుదుల బెడద

పశువుల నంటిపెట్టుకొని రక్తము పీల్చు పిడుదులను మనము సామాన్యమైన చీడగా నెంచుచున్నాము. అవి పీల్చుకొనిపోవు రక్తముకంటె, విడిచిపోవు సూక్ష్మజీవులే ఘోరమైనవి. ఈ విషయమున మన ప్రభుత్వములు చూపుచున్న శ్రద్ధ చాలదని మా యభిప్రాయము.

ఈ జ్ఞానము నూతనమైనది కాదు. అమెరికాలో టెక్సాసు జ్వరమను పశువ్యాధి పిడుదులవలన వ్యాపించుచున్నదని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ పండితులు 1893 లోనే నిరూపించిరి. దోమ కడుపున మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో కనుగొన్నది అటుపిమ్మట నాలుగేండ్లకు. దోమను గూర్చి యెరుగని పల్లె నేడు లేదు. పిడుదును గూర్చిన సత్యము మాత్రము పశువైద్యశాల దాటి రాలేదు.

థైలీరియా సోకిన పశువునకు తీవ్రజ్వరము వచ్చును. భుజము ముందరి గ్రంథులు ఉబ్బును. రక్తము క్షీణించి, ఊపిరాడక మరణించును. బెబీసియా సోకినచో రక్తకణములు పగిలి మూత్రము ఎర్రనగును. ఒంగోలు మొదలగు దేశవాళి జాతులు వీనిని చాలవరకు తట్టుకొనును. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులకు ఆ శక్తి తక్కువ. అప్పుచేసియైన నట్టి యావులను కొనుమని రైతునకు బోధించినవారికి, వానిని రక్షించు బాధ్యత లేదా?

థైలీరియా మనుష్యులకు సోకదు. బెబీసియాలో కొన్ని జాతులు సోకును. 1957 లో యుగోస్లావియాలో, ప్లీహము తొలగింపబడిన రైతొకడు దానివలన మరణించెను. దానము చేసిన రక్తముద్వారా కూడ నిది వ్యాపించుటచే, అమెరికా ప్రభుత్వము 2019 లో కొన్ని రాష్ట్రముల దాతల రక్తమును పరీక్షింపవలెనని సూచించెను. భయపడ నక్కరలేదు, ఏమరుపాటు తగదు.

నివారణోపాయము దూరమున లేదు. థైలీరియాకు హైదరాబాదులోనే తయారైన టీకా కలదు. అది సజీవమైన టీకా యగుటచే ద్రవనత్రజనిలో భద్రపరుపవలెను. ఇదియే కష్టమని కొందరందురు. కృత్రిమ గర్భధారణకై వీర్యమును ద్రవనత్రజని పాత్రలలో పల్లెపల్లెకు చేర్చుచున్న యంత్రాంగము, టీకాను మాత్ర మదే మార్గమున చేర్చలేదా? వ్యాధి నిర్ణయమునకు ఒక సూక్ష్మదర్శినియు, రక్తపు చుక్కయు చాలును. బుపార్వకోన్ మందు తొలిదశలో పడినచో పశువు బ్రతుకును. ఆలస్యమైనచో ఫలము సందేహము.

రైతులును తమ విధి నెరుగవలెను. కొట్టపు గోడల బీటలలో పిడుదులు దాగి గ్రుడ్లు పెట్టును. ఆ బీటలను పూడ్చవలెను. పిడుదులను వట్టిచేతులతో నలుపరాదు.

పాడి రైతునకు ఆవే ధనము, ఆవే ధైర్యము. సంకరజాతి దూడ పుట్టించుటకు వచ్చినవారే, దానికి టీకా వేయుటకును వచ్చిననాడు క్షీరాభివృద్ధి యను మాట సార్థకమగును.