నూనె తాగిన బ్రేకును కాల్చి బిగించకండి

మిరప కోతలు మొదలయ్యాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే కాకుమాను, కొమ్మూరు, అప్పాపురం నుంచి ఆటోలు మెరక పొలాల వైపు కదులుతున్నాయి. ముగ్గురు కూర్చోవలసిన బండిలో పది మంది, పన్నెండు మంది. వెనక కమ్మీకి తగిలించిన అన్నం క్యారేజీలు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, ముందు మంచు, పక్కన కాలువ. ఆ బండి బ్రేకులు నిన్న సాయంత్రం ఏదో షెడ్డులో పెట్రోలుతో కడిగి, మంట పెట్టి, మళ్లీ బిగించినవైతే, ఆ సంగతి ఎక్కే కూలీకి తెలిసే దారి లేదు. దాని అర్థం చాలాసార్లు నడిపేవాడికీ తెలియదు. అందుకే ఈ హెచ్చరిక: నూనె తాగిన బ్రేకు లైనర్‌ను కడిగి, కాల్చి వాడొద్దు. ఇప్పటికే అలా బిగించి ఉంటే ఈ రోజే విప్పించండి.

ఆ పని ఎలా జరుగుతుందో షెడ్డు దగ్గర నిలబడ్డవాళ్లందరూ చూసే ఉంటారు. చక్రం విప్పితే డ్రమ్ము లోపలంతా నల్లటి జిడ్డు. "లైనర్ ఆయిల్ తాగిందన్నా" అంటాడు కుర్రాడు. కొత్తది ఎంతని అడుగుతాం. చెబుతాడు. మన మొహం చూసి, "పోనీ దీన్నే కాల్చి వేస్తాలే, ఈ సీజను తిరుగుద్ది" అంటాడు. పాత డబ్బాలో కాస్త పెట్రోలు, అందులో లైనర్ అంటించి ఉన్న షూలు, ఒక అగ్గిపుల్ల. మంట లేస్తుంది, నల్లపొగ పోతుంది, జిడ్డు మాయమవుతుంది. ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది బిగిస్తాడు. షెడ్డు ముందు పది గజాలు తోలి తొక్కి చూస్తే బండి టక్కున ఆగుతుంది. అక్కడే మోసపోతున్నాం.

దీపావళి ముందు మన ఆడవాళ్లు కొత్త ప్రమిదల్ని నీళ్లలో ఎందుకు నానబెడతారు? పొడి మట్టి నూనె తాగేస్తుంది కాబట్టి. ముందే నీళ్లు తాగిస్తే సందులు నిండిపోయి నూనె వత్తికి మిగులుతుంది. బ్రేకు లైనర్ కూడా ఆ ప్రమిద జాతిదే. పైకి రాయిలా కనిపించినా అది పీచు, లోహపు పొడి, రాపిడి పెంచే పదార్థాలు కలిపి, రెజిన్ అనే జిగురుతో వేడిలో నొక్కి చేసిన ముద్ద. లోపల కంటికి కనబడని సందులుంటాయి. హబ్బు దగ్గర ఆయిల్ సీల్ పోయినా, వీల్ సిలిండర్ కారినా, బేరింగుకు గ్రీజు మోతాదు మించినా ఆ జిడ్డు లైనర్ పైన నిలిచిపోదు. లోపలికి ఇంకుతుంది.

దాన్ని పెట్రోల్లో ముంచితే ఏమవుతుంది? పైనున్న నూనె పోతుంది, నిజమే. లోపలున్నది మాత్రం పెట్రోలుతో కలిసి పలచబడి ఇంకా లోతుకు దిగుతుంది. పెట్రోలు ఆవిరైపోతుంది, నూనె అక్కడే ఉంటుంది. పై పొర పొడిగా ఉంది గనక చల్లగా ఉన్నప్పుడు తొక్కితే పట్టుకుంటుంది. షెడ్డు ముందు మనం చేసే పరీక్ష చల్లటి బ్రేకుకే. రోడ్డు మీద బరువుతో వచ్చి గట్టిగా తొక్కినప్పుడు రాపిడి పుట్టే చోట వేడి 200 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ వేడికి లోపలి నూనె చెమటలా పైకి వస్తుంది. డ్రమ్ముకూ లైనర్‌కూ మధ్య పలచటి పొరలా పరుచుకుంటుంది. అంటే, బ్రేకు అవసరం ఎంత ఎక్కువగా ఉంటే అంత జారుతుంది.

ఇరవై ఏళ్ల కిందట నా స్కూటరుకూ ఇదే వైద్యం జరిగింది. ఎవరు చేశారన్నది అనవసరం, కాల్చమన్నది నేనే. మూడు రోజులు బ్రహ్మాండంగా ఆగింది. నాలుగో రోజు కాలువ వంతెన దిగుతుంటే ఎదురుగా గేదెల మంద. మొదటిసారి తొక్కితే పట్టింది. రెండోసారి సగం పట్టింది. మూడోసారి తొక్కితే బండి నన్ను లెక్కచేయలేదు. పక్కన గడ్డివాము ఉండబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తర్వాత విప్పి చూస్తే లైనర్ మళ్లీ తళతళా మెరుస్తోంది, నూనె రాసిన పెనంలాగా.

ఇక మంట సంగతి. లైనర్ ముక్కల్ని కలిపి పట్టుకునేది రెజిన్ జిగురే. బయటి మంటకు ఆ జిగురు పై పొరలో మాడి బొగ్గవుతుంది, పొర పెళుసుబారుతుంది. మోటారు సైకిళ్లకూ, చాలా ఆటోలకూ లైనర్‌ను షూకు రివెట్లతో కాదు, జిగురుతోనే అంటిస్తారు. ఆ అంటింపు కూడా మంటకు వదులవుతుంది. అది పరుగులో ఊడి డ్రమ్ములో అడ్డం పడితే చక్రం బిగుసుకుపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే మాట దీనికే సరిపోతుంది.

ఈ మధ్య అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోను చేసి, ఇలాంటి తిప్పలే ఇంకో రూపంలో చెప్పాడు. వాడికి శనివారం సాయంత్రాలు బౌలింగ్ పిచ్చి. మనకు బౌలింగ్ అంటే క్రికెట్టే గానీ వాళ్లది వేరు. నున్నటి దారి మీద బరువైన బంతిని దొర్లించి చివరన పది పిన్నుల్ని పడగొట్టాలి. బంతి 16 పౌండ్లు, అంటే ఏడు కిలోల పైచిలుకు దాకా ఉండొచ్చు. ఆటగాడు దాటకూడని గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అందులో ముందు నలభై అడుగుల మేర చెక్కలు అరగకుండా పలచగా మినరల్ ఆయిల్ పూస్తారు. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ అనే కొత్త రకం పైతొడుగు బంతులు వచ్చాయి. వాటి ఒంటి నిండా సన్నటి రంధ్రాలు. దారిని బాగా పట్టుకుని చివర్లో వంపు తిరుగుతాయి. కానీ ఆ రంధ్రాలే నూనె తాగుతాయి. కొన్నాళ్లకు బంతి వంపు తిరగడం మానేస్తుంది.

మావాడు ఆ బంతిని వంటింటి ఓవెన్లో పెడదామనుకున్నాడు. తోటి ఆటగాళ్లు ఆపారట. గోరువెచ్చటి కంటే కాస్త వేడి నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి ఉంచితే నూనె బొట్లు బొట్లుగా పైకి తేలుతుంది. 60 డిగ్రీలు దాటితే పైతొడుగు ఒకలా, లోపలి గుండు ఒకలా వ్యాకోచించి బంతి పగలొచ్చు. రసాయనాల కథ ఇంకా పాతది. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఆటగాడు ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో నానబెట్టి పైతొడుగును మెత్తబరిచాడు. బంతి దారిని పట్టుకుంది, ఆ ఏడాది మేటి ఆటగాడు అతనే. ద్రావకం మురికి తీయడంతో ఆగదు, వస్తువు స్వభావాన్నే మార్చేస్తుందని అందరికీ తెలిసిపోయింది. బంతి ఇంత గట్టిగా ఉండాలని ఆ తర్వాత కొలత పెట్టారు. పోటీల్లో ఆట మధ్య బంతిని ద్రవాలతో తుడవడం మీద కూడా అక్కడి బౌలింగ్ సంఘం ఆంక్షలు పెట్టింది.

ఒక ఆటబంతికే అన్ని జాగ్రత్తలు! అక్కడ పొరపాటు జరిగితే బంతి పగులుతుంది, పిన్నులు నిలబడే ఉంటాయి. వేడి నీళ్లతో బంతిలోని నూనె తీసినట్టు మనం లైనర్‌లోది తీయలేమా అని అడిగే తెలివైనవాళ్లుంటారు. తీయలేం. బంతిలో ఇంకా కాస్త మిగిలిపోయినా ఆట నడుస్తుంది, ఎందుకంటే అది 200 డిగ్రీలకు కాగదు. లైనర్‌లో మిగిలిన కొద్దిపాటి నూనే వేడికి పైకొచ్చి ప్రాణం తీస్తుంది.

ట్రాక్టరు వాళ్లకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. "మా ట్రాక్టరు బ్రేకులు ఆయిల్లోనే మునిగి ఉంటాయి కదా, దానికేం కాలేదే" అంటారు కొందరు. అవి ఆయిల్లో పనిచేయడానికే తయారుచేసిన పళ్లేలు. తాతల నాటి పాత ట్రాక్టర్లవి పొడి బ్రేకులు. రెండూ ఒకటి కాదు. పైగా ట్రాక్టరుకు కుడి ఎడమలకు వేరు వేరు పెడళ్లు. దమ్ము చేసేటప్పుడు మలుపు కోసం విడివిడిగా తొక్కినా, రోడ్డెక్కగానే రెంటినీ కలిపే కొక్కెం పడాలి. కొక్కెం వేసినా, ఒక పక్క లైనర్ నూనె తాగి ఉంటే రెండో పక్కే పట్టుకుంటుంది. బండి ఒక వైపు లాగేస్తుంది. నల్లమడ వాగు కట్ట మీద, కాలువ గట్ల మీద ఆ "ఒక వైపు" అంటే ఎటో చెప్పనక్కర్లేదు. వెనకున్న ట్రక్కుకు చాలాసార్లు అసలు బ్రేకులే ఉండవు. దాని బరువంతా ముందుకు తోస్తుంది. అందులో మనుషుల్ని ఎక్కించడమే తప్పు, ఇక ఈ బ్రేకులతోనా?

మెకానిక్ తమ్ముళ్లకు ఒక మాట. డబ్బాలో పెట్రోలు పోసి పెట్టుకోవడం మీ ప్రాణం మీదికే వస్తుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు మండే ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ పోయి పక్కన వెల్డింగు రవ్వనో, ఎవరి బీడీనో అందుకుంటుంది. పెట్రోలుతో చేతులు కడుక్కోవడం కూడా మానండి, అందులో బెంజీన్ ఉంటుంది. ఇక డ్రమ్ములోని ఆ బూడిదరంగు పొడిని గాలి గొట్టంతో ఊదేస్తున్నారే, అది మరీ ప్రమాదం. లైనర్లలో ఆస్బెస్టాస్ వాడకం వందేళ్ల నాటి అలవాటు. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది, అప్పటికి ఎవరూ షెడ్డును తలచుకోరు. యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటికే ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. అమెరికా 2024 మార్చిలో క్రైసోటైల్ రకంపై వేటు వేసింది. మన దేశంలో పూర్తి నిషేధం ఇప్పటికీ లేదు. కాబట్టి ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. కొత్త షూలు కొనేటప్పుడు డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉందేమో చూడండి.

మరేం చేయాలి? ముందు నూనె ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి. కొత్త లైనర్ వేసి పాత సీల్ ఉంచితే రెండు వారాల్లో కథ మొదటికే వస్తుంది. సీల్ ఖరీదు లైనర్ కంటే తక్కువే, విప్పి బిగించే శ్రమే ఎక్కువ. ఆ శ్రమకు బద్ధకించే మనిషి లైనర్ కాలుస్తాడు. నూనె తాగిన షూలు మార్చేటప్పుడు ఒక పక్క మాత్రమే మార్చొద్దు, అదే ఇరుసు మీది రెండో పక్కవీ మార్చాలి. లేకపోతే ట్రాక్టరుకు చెప్పిన గతే ఆటోకూ. డ్రమ్మును బ్రేకు క్లీనరు స్ప్రేతో కడిగి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఇనుము నూనె తాగదు. బ్రేక్ ఆయిల్ తగ్గితే బండిలో అది పోసే డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలి. పేరులో ఆయిల్ ఉంది కదా అని ఇంజిన్ ఆయిల్ పోసిన మహానుభావులున్నారు. లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోయి మొత్తం బ్రేకులే పోతాయి.

డబ్బు మాట ఎత్తుతారని తెలుసు. మోటారు సైకిలు షూల జత కొన్ని వందల్లో దొరుకుతుంది. ఆటోకు ఇంకాస్త. రోజుకు రెండు ట్రిప్పులు కూలీలను తోలే బండికి అది మోయలేని భారం కాదు. మోయలేకపోతే బండి ఓనరూ, కూలీలను పంపే ముఠా మేస్త్రీ, పొలం రైతూ తలా కాస్త వేసుకోండి. ఆటో ఎక్కించేది మీరు, కాయలు చేరేది మీ కల్లానికే. లోపమున్న బండిని రోడ్డెక్కించడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద నేరం. రవాణా శాఖ అధికారులు కోతలు ముగిసేదాకా వారానికి ఒక్కరోజైనా తెల్లవారుజామున నిలబడి, కాగితాల కంటే ముందు చక్రాలు చూడాలి.

డ్రైవరన్నా, రేపు ఉదయం టార్చి లైటు తీసుకుని ప్రతి చక్రం లోపలి వైపు చూడు. టైరు గోడ మీద నల్లటి తడి చార కనబడుతోందా? హబ్బు చుట్టూ దుమ్ము పొడిగా ఉందా, ముద్దగా అంటుకుందా? ఖాళీ బండిని మెల్లగా తోలి తొక్కితే ఒక పక్కకు లాగుతోందా? వాన నీళ్లకు తడిసిన బ్రేకు నాలుగు తొక్కులకు ఆరి మళ్లీ పట్టుకుంటుంది. తొక్కేకొద్దీ జారితే మాత్రం అది నీళ్లు కాదు. ఆ బండిని అక్కడే వదిలేసి, ఎదురుచూస్తున్న ఆడవాళ్లకు ఇవాళ ఇంకో ఆటో చూసుకోమని చెప్పు.