మేకపాలు: పొదుగు నుండి పొయ్యి దాకా

మేక పొదుగు దగ్గర గ్లాసు పట్టి, నురగలు కక్కుతూ వెచ్చగా ఉన్న పాలను అప్పటికప్పుడు తాగించే అలవాటు మన పల్లెల్లో నేటికీ ఉంది. వాటిని గుమ్మపాలు అంటారు. కాస్తే పాలలోని బలం పోతుందని, పచ్చిగా తాగితేనే ఒంటికి పడుతుందని పెద్దలు చెబుతూ వచ్చారు. బక్కచిక్కిన పిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి ప్రత్యేకించి ఇలా తాగిస్తారు. కొన్నేళ్ళుగా దీనికి మరో కారణం తోడైంది. వానాకాలంలో డెంగీ జ్వరాలు ముసిరినప్పుడు మేకపాల కోసం పట్టణాల నుండి సైతం మనుషులు వెతుక్కుంటూ వస్తున్నారు. ధర కూడా దానికి తగినట్టే ఎగబాకుతోంది. పెరట్లో మేకలను కట్టుకుని వాటి పాలే వాడుకునే ఇల్లు మాది. మేకపాలంటే మాకు తక్కువ చూపు లేదు. కాబట్టే ఈ విషయంలో మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా ముందే చెబుతున్నాము. మేకపాలను కాచకుండా ఎవరికీ ఇవ్వకూడదు. రోగికి, గర్భవతికి, పసివారికి అసలే ఇవ్వకూడదు.

ఇది వట్టి అనుమానంతో చెప్పే మాట కాదు. దీని వెనుక నూరేళ్ళు దాటిన ఒక చేదు అనుభవం ఉంది. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న ద్వీపం ఉంది. అది బ్రిటిష్ పాలనలో ఉన్న రోజుల్లో పాలవారు మేకలను వీధుల వెంట తోలుకొచ్చి, గడప ముందే పితికి పోసేవారు. కళ్ళెదుట పితికిన పాలలో కల్తీ ఉండదన్నది అక్కడి జనం నమ్మకం. అంతవరకు ఆ నమ్మకం సరైనదే. అయితే అదే ద్వీపంలో బ్రిటిష్ సైనికులను ఒక మొండి జ్వరం ఏళ్ళ తరబడి పీడించింది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో మరణించినవారి ప్లీహంలో ఒక సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. అది ఒంట్లోకి ఏ దారిన ప్రవేశిస్తున్నదో మాత్రం మరో పద్దెనిమిదేళ్ళ దాకా అంతుపట్టలేదు. నీటిని అనుమానించారు, దోమలను అనుమానించారు. చివరికి 1905లో మాల్టాకే చెందిన వైద్యుడు థెమిస్టోక్లిస్ జామిట్ మేకలను పరీక్షించి, రోగం వాటిలోనే ఉందని తేల్చాడు. ఆ మేకలు చక్కగా మేస్తున్నాయి, చక్కగా పాలిస్తున్నాయి. చూడటానికి ఏ లోపమూ లేదు. 1906లో సైనిక శిబిరాల్లో మేకపాల వాడకం మానిపించగానే సైనికుల్లో ఆ జ్వరం దాదాపు కనుమరుగైంది. పచ్చిపాలు మానని పట్టణ ప్రజలను మాత్రం అది ఆ తర్వాత కూడా చాలాకాలం వదల్లేదు.

ఆ వ్యాధినే నేడు బ్రూసెల్లోసిస్ అంటున్నారు. అది మన దేశంలోని మేకలలో, గొర్రెలలో, పశువులలో కూడా ఉంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రాత్రిపూట చెమటలు పోస్తాయి. నడుము, కీళ్ళు పట్టేస్తాయి. మలేరియా అనో, టైఫాయిడ్ అనో భావించి మందులు మింగుతుండగానే నెలలు గడిచిపోతాయి. గర్భిణులకు గర్భస్రావం జరిగే ప్రమాదం కూడా ఉంది. అసలు రోగం ఏమిటో తెలిశాక కూడా కనీసం ఆరు వారాల పాటు మందులు వాడవలసి ఉంటుంది. కాబట్టి మేకలున్న ఇంట్లో ఎవరికైనా అంతుచిక్కని జ్వరం పట్టుకుంటే, మా ఇంట్లో మేకలున్నాయి, పచ్చిపాలు తాగాము అన్న సంగతిని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట పరీక్షల దారినే మార్చివేయగలదు. మేక ఈసుకుపోయినప్పుడు, అంటే నెలలు నిండకుండానే పిల్లను వేసేసినప్పుడు, ఆ మాయను, పిల్లను వట్టి చేతులతో ఎత్తివేయడం కూడా ఇటువంటి ప్రమాదమే. మన ఇళ్ళలో ఆ పని సాధారణంగా ఆడవారి మీదే పడుతుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కడుపుతో ఉన్న స్త్రీని ఆ దరిదాపులకు కూడా రానివ్వకూడదు.

పాలు ఒక్క పొంగు రానిస్తే ఈ క్రిమి చచ్చిపోతుంది. మరి పెద్దలు చెప్పే బలం మాటేమిటి? కాచినప్పుడు పాలలోని కొన్ని విటమిన్లు కొంత మేరకు తగ్గే మాట నిజమే. కానీ బలమని మనం దేనికోసం పాలు తాగుతున్నామో ఆ మాంసకృత్తులు, కొవ్వు, కాల్షియం ఎక్కడికీ పోవు.

అయితే కాచడం ఒక్కటే సర్వరోగ నివారిణి అనుకుంటే అదీ పొరపాటే. మురికి పాలను కాస్తే కాచిన మురికి పాలే అవుతాయి. శుభ్రత పొదుగు దగ్గరే మొదలు కావాలి.

మేకకు చన్నులు రెండే. పని తేలికే అనిపిస్తుంది, కానీ ఆ తేలికతనం వల్లనే అజాగ్రత్త పెరుగుతుంది. పాలు పితకబోయే ముందు కొట్టం ఊడిస్తే ఆ దుమ్మంతా గిన్నెలోకే చేరుతుంది. ఊడ్చే పని గంట ముందే ముగించాలి, లేదా పితికిన తర్వాత చేసుకోవాలి. పొదుగును గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో తుడిచాక, పొడిగుడ్డతో తడి ఆరేలా మళ్ళీ తుడవాలి. ఈ రెండో తుడుపును చాలామంది వదిలేస్తారు. తడి పొదుగు నుండి జారే మురికి చుక్కలు నేరుగా పాలలోనే పడతాయి. తుడిచే గుడ్డ ఒక్కో మేకకు ఒక్కోటి ఉండాలి. గోళ్ళు తీసి ఉండాలి. వేళ్ళను పాలలో ముంచి, ఆ తడితో చన్ను జారేలా చేసుకోవడం కొందరి అలవాటు. ఒక మేక పొదుగులోని రోగాన్ని మరో మేకకు అంటించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

పితికే తీరు కూడా చూడాలి. చన్నును బొటనవేలి కణుపుకు ఆనించి, కిందికి గుంజుతూ పితికేవారిని మేము అనేకచోట్ల చూశాము. అలా గుంజితే చన్ను లోపలి సున్నితమైన పొర దెబ్బతింటుంది. సరైన పద్ధతి వేరు. చన్ను మొదట్లో బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా చుట్టి బిగించాలి. దానితో చన్నులోకి దిగిన పాలు వెనక్కు పోవు. ఆపైన మిగిలిన వేళ్ళను ఒకదాని తర్వాత ఒకటిగా మూస్తూ రావాలి. ధార దానంతట అదే పడుతుంది. పట్టు వదలగానే చన్ను మళ్ళీ నిండుతుంది. లాగవలసిన పనే లేదు. గేదెకు దూడను విడిచి చేపు వచ్చేదాకా వేచి ఉండాలని మనకు తెలుసు. మేక విషయంలో అంత ఇబ్బంది లేదు. దాని పాలలో అత్యధిక భాగం పొదుగు అడుగున ఉండే తిత్తిలో ముందే చేరి ఉంటుంది. అయినా బెదిరిన మేక పాలు ఎగబడుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, వీలైతే ఒకే మనిషి పితకడం మంచిది. ఉదయానికీ సాయంత్రానికీ నడుమ పన్నెండు గంటల ఎడం ఉంటే పొదుగు మీద భారం సమంగా పడుతుంది.

మొదటి రెండు మూడు ధారలను పాలగిన్నెలో పట్టకూడదు. నల్లటి గుడ్డ మీదనో, ముదురు రంగు గిన్నెలోనో పిండి చూడాలి. విరుగుల వంటి తునకలు, నీళ్ళలాంటి పలచదనం, ఎర్రజీర, వీటిలో ఏది కనిపించినా పొదుగువాపు మొదలైందని గ్రహించాలి. ఆ మేకను అన్నిటి తర్వాత, చివరన పితికి, ఆ పాలు పారబోసి, పశువైద్యునికి చూపించాలి. ఆయన మందు ఇచ్చాక, ఎన్ని రోజులు పాలు వాడకూడదో అడిగి తెలుసుకోవాలి. మందు పాలలో దిగుతుంది. ఎంత కాచినా పోదు. పాలు అమ్ముకునే ఇల్లయితే ఈ రోజుల లెక్క మరీ ముఖ్యం. కొనేవాడికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు, తెలిసింది మనకొక్కరికే.

ఈనిన తొలిరోజుల ముర్రుపాల మీద మొదటి హక్కు పిల్లదే. పుట్టిన గంటలోపే తాగించాలి. తొలి రోజు ముగిసేసరికి దాని బరువులో పదో వంతయినా, అంటే రెండు కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు, కడుపులో పడాలి. పుట్టుకతో పిల్లకు రాని రోగనిరోధక శక్తి ఈ పాల ద్వారానే వస్తుంది. జున్ను కోసం ఆశపడి పిల్లకు అన్యాయం చేయరాదు.

మేకపాలు వాసన వస్తాయని ముఖం చిట్లించేవారు చాలామందే. నిజానికి శుభ్రంగా పితికి వెంటనే కాచిన పాలలో ఆ కంపు దాదాపుగా ఉండదు. ప్రధానమైన దోషి పోతు. మేకపోతు ఒంటి నుండి వచ్చే ఘాటైన వాసన పక్కనున్న మేక బొచ్చుకు, పితికేవారి చేతులకు, మూతలేని పాలకు అంటుకుంటుంది. బక్రీదు కోసం పెంచే పోతులు పాలమేకలతో ఒకే కొట్టంలో ఉండే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. పితికే వేళకైనా పోతును దూరంగా కట్టేయాలి. ఉల్లి, వెల్లుల్లి తొక్కల వంటి ఘాటైన మేత పితికాకే పెట్టాలి. పచ్చిపాలను గిలకొట్టినా, వెచ్చగా చాలాసేపు ఉంచినా వాటి కొవ్వు విరిగి అదే వాసన పుడుతుంది.

పితికే పాత్ర అతుకులు లేని స్టీలుదై ఉండాలి. ప్లాస్టిక్ బకెట్టు గీతల్లో చేరిన పాలజిడ్డు ఎంత తోమినా పోదు. పాలగిన్నెను ముందుగా చల్లని నీటితో తొలచాలి, ఆ తర్వాతే వేడినీటితో, సబ్బుతో తోమాలి. ముందే వేడినీళ్ళు పోస్తే పాలు గిన్నెకు అట్టకడతాయి. తర్వాత ఎండలో బోర్లించాలి. వడగట్టే గుడ్డను రోజూ ఉడికించి ఆరవేయాలి. ఇక మూత గురించి. అబూ హుమైద్ (రజి) ఒకసారి మూతలేని గిన్నెలో పాలు తీసుకువస్తే, కనీసం ఒక పుల్లనైనా దానిపై అడ్డంగా పెట్టి ఉండవలసిందని దైవప్రవక్త (స) సూచించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. కొట్టం నుండి వంటగది దాకా ఉన్న పది అడుగుల దూరానికి మూత ఎందుకులే అనుకునేవారికి ఇది చాలు.

వెచ్చని పాలలో క్రిములు అరగంటకొకసారి రెట్టింపయ్యే అవకాశం ఉంది. పితికిన వెంటనే కాచడం ఉత్తమం. కుదరకపోతే గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచి, నీళ్ళు మారుస్తూ, శుభ్రమైన గరిటెతో కలుపుతూ చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దుటి చల్లని పాలలో సాయంత్రపు వెచ్చని పాలు పోయకూడదు, రెండూ చెడతాయి. మేకపాలపై మీగడ మందంగా కట్టదు. కొవ్వు రేణువులు చిన్నవిగా ఉండి పైకి తేలకపోవడమే కారణం. పెరుగు కూడా వదులుగా తోడుకుంటుంది. కోడలు తోడు సరిగా వేయలేదని నింద వేయకండి, ఆ పాల స్వభావమే అంత. ఇదివరకు పాలదాలిలో పిడకల సెగ మీద గంటల తరబడి మరిగిన పాలకు వచ్చే ఎర్రటి రంగు, ఆ రుచి గ్యాసు పొయ్యి మీద రావు. దానికి మేము చేయగలిగింది లేదు.

పసిపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తల్లిపాలు చాలలేదని మూడు నాలుగు నెలల బిడ్డకు మేకపాలు పట్టడం మన ఇళ్ళలో ఉంది. మేకపాలలో ఫోలేట్ అనే విటమిన్ ఆవుపాలలో కంటే చాలా తక్కువ. వాటి మీదే పెరిగిన బిడ్డకు రక్తహీనత వస్తుంది. ఏడాది నిండేవరకు ఏ పశువు పాలూ తల్లిపాలకు బదులు కావు. ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పడతాయన్న భరోసా కూడా లేదు. రెంటిలోని మాంసకృత్తులకూ దగ్గరి పోలిక ఉంది. డెంగీ రోగికి మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనే మాటకు గట్టి రుజువు లేదు. రోగి ఇష్టపడితే కాచి ఇవ్వవచ్చు, కానీ డాక్టరు పర్యవేక్షణను వదిలి పాలను నమ్ముకోవడం ప్రాణం మీదకు తెస్తుంది.

చివరగా, కొత్తగా పాలమేకను కొనదలచినవారికి ఒక హెచ్చరిక. మన ఊరి మేకలు పూటకు పావో, అరో ఇస్తాయి. జమునాపారీ వంటి జాతివైతే బాగా మేపినప్పుడు రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల దాకా ఇవ్వగలవు. సంతలో నిండు పొదుగుతో మెరిసిపోయే మేకను చూసి తొందరపడకండి. ముందురోజు నుండి పితకకుండా ఆపి తెచ్చిన పొదుగు కావచ్చు. ఈ మోసం నేటిది కాదు. అమ్మకానికి ముందు ఒంటెల, మేకల పొదుగులను పితకకుండా నిలిపి ఉంచడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయినవాడు పితికి చూశాక జంతువును ఉంచుకోవచ్చు, లేదా ఒక సా ఖర్జూరాలతో సహా తిరిగి ఇచ్చివేయవచ్చు అని హక్కు కల్పించారు. నేటి సంతలో తిరిగి తీసుకునేవాడు దొరకడం కష్టం. అందుచేత బయానా ఇచ్చి, అమ్మేవారి ఇంటికే వెళ్ళి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి మీ ఎదుటే పితికించి కొలవండి. తొలి ధారలను నల్లగుడ్డ మీద చూడండి. ఆ మందలో ఈ ఏడాది ఎన్ని మేకలు ఈసుకుపోయాయో అడగండి. మిగిలిన డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.